పన్నెండో పూత

"మట్టిలో పొర్లాడి వచ్చిన చేతులతో పిండి ముట్టకు. గిన్నెలు తోము, గోళ్ళు వాటంతటవే తెల్లబడతాయి," అన్నారు అత్తగారు. కోడలి చేతులకు ఇంతకంటే చవకైన సబ్బు లోకంలో ఎక్కడుంది! ఆమె గిన్నెలు ముందేసుకుంది. కాసేపటికి చూసుకుంటే కుడిచేతి చిటికెన వేలు తనంత తానే ముడుచుకుని ఉంది. సాగదీసింది. మళ్ళీ ముడుచుకుంది. ఆ అలవాటు ఆమెది కాదు. ఎవరిదో ఆమెకు తెలుసు.

కొత్త బస్ స్టేషన్ పునాదులకు తవ్వుతుంటే మూడు వేల ఏళ్ళనాటి గుంటలు బయటపడ్డాయి. వాటిని కొలిచి కాగితం మీద గీయడం ఆమె ఉద్యోగం. "రోజంతా గుంటలో కూర్చుని బొమ్మలేసుకోవడమూ ఒక పనేనా?" అంటాడు భర్త, ఆమె ఇస్త్రీ చేసిన చొక్కా తొడుక్కుంటూ. పెద్ద గుంటలోకి దిగిన రోజు చూసింది. లోపలి గోడకు బూడిద కలిపిన మట్టి పూత, దానిమీద మరో పూత, కోసిన ఉల్లిపాయలో పొరల్లా. గింజలకు పురుగు పట్టకుండా ఏటా ఎవరో అలికారు. పెచ్చులూడిన చోటల్లా మూడు వేళ్ళ జాడలే. అలికేటప్పుడు చిటికెన వేలు ముడుచుకునేదన్నమాట. అలాంటివి పదకొండు పూతలు. పన్నెండోది సగంలో ఆగిపోయింది. ఎవరు పిలిస్తే లేచి వెళ్ళిందో, ఏమైపోయిందో!

ఆనాటి నుంచి ఇంట్లో తడిగుడ్డ పట్టుకుంటే చాలు, పక్కన ఎవరో మోకాళ్ళ మీద కూర్చున్నట్టే ఉంటోంది. గిన్నెలయ్యాక పొయ్యి గట్టు తుడిచి, వంగి చూసింది. పద్నాలుగేళ్ళుగా తుడుస్తున్న గట్టు మీద తన వేలిముద్ర ఒక్కటీ లేదు. లేకుండా చేయడమే కదా తన పని!

మర్నాడు ఆమె వెళ్ళేసరికి కాంక్రీటు లారీలు వచ్చేశాయి. గుంటను గీసినవాళ్ళు సంతకం పెట్టనిదే పూడ్చకూడదని రూలు. అందుకే ఆఫీసరు ఫారం పట్టుకుని అంచునే నిలబడ్డాడు.

"చెత్త గుంటలు, ముఖ్యమైనవేమీ లేవని రాసెయ్యమ్మా. పదింటికి పోసేస్తారు."

"చెత్త కాదు సార్. గింజలు దాచుకున్న గుంట. పదకొండేళ్ళు ఒకే చెయ్యి అలికింది."

"అలకడం కూడా చరిత్రేనా తల్లీ?" అతను నవ్వాడు. "నిన్న మీవారికి ఫోన్ చేశాను. సంతకం పెట్టేస్తుంది లెండి, నేను చెప్తానన్నారు."

ఆమె ఫారం తీసుకుని గుంటలోకి దిగింది. సగంలో ఆగిన పూత మీద చెయ్యి ఆనించింది. రాత్రి కురిసిన చినుకులకు అది మెత్తగా, చల్లగా ఉంది. చిటికెన వేలు ముడుచుకుంది. ఈసారి సాగదీయలేదు. చేతులు కడుక్కోకుండానే రాసింది: 'ధాన్యం గుంట. అలికిన మనిషి పని ఇంకా మిగిలి ఉంది. పూడ్చడానికి వీల్లేదు.' కింద సంతకం పెట్టింది.

కాగితం అందుకున్న ఆఫీసరు మొహం చిట్లించాడు. "సంతకం పైన ఈ మూడు మట్టి వేళ్ళేంటి?"

"కింద ఉన్న సంతకం నాది సార్," అంది ఆమె. "పైది ఆవిడది."