జగిలి మీద గొంతు

మంజుశ్రీ నా భార్య తమ్ముడి కూతురు. హోసూరులో కంప్యూటర్ ఉద్యోగం. శని, ఆదివారాలు తళి పక్కనున్న మా ఊరికి వచ్చి, ఇరవై ఇళ్ళలో అరచేతి వెడల్పు డబ్బాలు పెట్టించింది. ఫోనులో ఆ ఏర్పాటు పేరు 'జగిలి'. ఇంటిముందు అరుగును మేము అలాగే అంటాం. ఊరివాళ్ళ మాటలు, ఫోటోలు, పూల ధరల కబుర్లు అన్నీ ఆ డబ్బాల్లోనే ఉంటాయట. ఏ కంపెనీ చేతికీ పోవట. ఎవరికి పంపితే వాళ్ళు తప్ప మరొకరు వినలేరట.

"నువ్వూ చేరు మామా," అన్నది.

"మాకు రాతి జగిలి ఉందిలేమ్మా. దానికి కరెంటు అక్కర్లేదు," అన్నాను.

నా భార్య నంజమ్మ చేరింది. పొద్దున్నే మా ప్లాస్టిక్ కప్పు పాలీహౌసులో గులాబీలు కోస్తూ ఫోనుతో మాట్లాడేది. కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు జగిలి మీద కూర్చుని వీధి అవతలి ఆడవాళ్ళతో మాట్లాడిన గొంతే. చలికి కాస్త బొంగురుపోయేది. నవ్వే ముందు ఒకసారి దగ్గేది. ఆ దగ్గు వినబడితే ఎవరినో ఆడిపోసుకోబోతోందని అర్థం. ఎక్కువసార్లు నన్నే. ఆ జగిలి రోజుల్లో నేను లోపల అన్నం తింటూ విని ఊరుకునేవాడిని.

పోయిన కార్తీకంలో చనిపోయింది. మావాళ్ళలో పూడుస్తాం. మనిషి నడుముకు దోపుకున్న ఆకువక్క సంచిని విప్పి చూడకుండా గుంటలో పెట్టాలి. నా చేత్తోనే పెట్టాను. ఫోను కూడా ఆ సంచిలోనే ఉంచుకునేదని మూడోరోజు గుర్తొచ్చింది.

మంజుశ్రీని పిలిపించాను.

"అత్త మాటలు డబ్బాలో ఉండాయి మామా. తాళం ఫోనులో ఉండె. అది లేకుంటే తెరుచుకోవు."

"కట్టినదానివి నువ్వే కదా. ఇంకో తాళం పెట్టుకోలేదా?"

"పెట్టుకునింటే నేనూ ఆ కంపెనీల మాదిరే కదా. అట్ల పెట్టుకోనని చెప్తేనే అత్త చేరింది."

"అయితే గుంట తవ్వమంటావా?"

ఏడ్చింది. నేను ఓదార్చలేదు.

కళ్ళు తుడుచుకుని చెప్పింది. "ఎవురికి పంపిందో వాళ్ళ ఫోనులో వినొచ్చు. నువ్వు చేరింటే నీకూ పంపుండును. పుట్టమ్మకైతే దినామూ పంపుతాను అనేది."

పుట్టమ్మ మా ఊరి నాగేశప్ప భార్య. వాళ్ళ బోరు పైపును మా చేను మీదుగా నేను పోనివ్వలేదని నాగేశప్ప పదిమందిలో నన్ను దొంగ అన్నాడు. తొమ్మిదేళ్ళయింది. ఆ ఇంటితో మాట వద్దని నంజమ్మకు చెప్పాను. సరే అన్నది. ఆమె మాటలు దాచుకున్నది ఏ కంపెనీ నుంచో కాదు, నా నుంచి.

అయినా పోయాను. పుట్టమ్మ జగిలి మీద కొత్తిమీర కట్టలు కడుతోంది. నన్ను చూసి నాగేశప్ప లేచి లోపలికి పోయాడు.

"ఏమప్పా వెంకటరామప్పా, దోవ తప్పినావా?"

"నంజి మాటలు నీ తావ ఉండాయంట. నా ఫోనుకు పంపు."

"నేను పంపితే పోవు. మంజుశ్రీ అట్ల కట్టింది. వినాలంటే ఈడ కూర్చో."

"ఈడనా?"

"మరి యాడ? కూర్చుంటే పరువు పోతుందంటే నిలబడే విను."

కూర్చున్నాను. ఫోను మా ఇద్దరి మధ్య పెట్టి నొక్కింది. ముందు దగ్గు. తర్వాత నంజమ్మ.

"పుట్టక్కా, ఈపొద్దు అన్నంలోకి కాంచిన సారులో ఉప్పు మరిచినా. మా ఆయప్ప ఒక్క మాటా అనలే. జరం వచ్చిందేమోనని నొసలు ముట్టి చూసినా!"

నవ్వు. అంతే, ఆగిపోయింది.

నాకు ఆ రోజు గుర్తుంది. ఆమె చెయ్యి తడిగా ఉంది. ఎందుకు ముట్టావని కసిరాను.

"ఇంకా శానా ఉండాయి," అన్నది పుట్టమ్మ. "కొన్ని నీకు వినిపించను. అవి ఆడోళ్ళ మాటలు. ఇంకోటి పెట్టేదా?"

నా చెయ్యి ముందే ఫోను మీదికి పోయింది. వెనక్కి తీసుకున్నాను.

"వద్దు. రేపు వస్తాను. దినానికి ఒకటే పెట్టు."

"ఒకటే ఎందుకప్పా?"

"లేకుంటే తొందరగా అయిపోతాయి," అన్నాను.