వారం రోజుల అన్న

మా ఆటలో గెలిచినవాడు ఎదుటివాడి కార్డు ఇంటికి తీసుకుపోడు. ఆట ముగిశాక ఎవరి కార్డులు వాళ్ళకు తిరిగి పంచేస్తాం. కార్డు వెనక మూలన పెన్నుతో గీసిన గుర్తులుంటాయి. నావాటికి సుత్తి, ఏసురాజువాటికి శిలువ, భూపేష్‌వాటికి నాగలి. భూపేష్ పుట్టిన్నాటి నుంచి నాగలి పట్టింది లేదు, అయినా ఆ గుర్తు వాడిదే. పొలాలు వాళ్ళవి కాబట్టి.

కుస్తీ వస్తాదుల కార్డులవి. మా చిన్నప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో వచ్చేవి. ఒక్కో కార్డు మీద ఒక్కో వస్తాదు బొమ్మ, దాని కింద వాడి ఎత్తు, బరువు, గెలిచిన పోటీలు. వంతు వచ్చినవాడు తన పై కార్డు చూసుకుని ఏదో ఒకటి అడుగుతాడు. బరువంటే బరువు. అందరూ తిప్పి చూపాలి. ఎవరి అంకె పెద్దదైతే ఆ కార్డులన్నీ వాడివి. ఒకడు ముందే ఖాళీ అయి పక్కకు జరుగుతాడు. మిగిలిన ఇద్దరిలో ఓడినవాడు గెలిచినవాణ్ణి వచ్చే ఆదివారం దాకా ‘అన్నా’ అని పిలవాలి. ఎక్కడ కనబడినా, పక్కన ఎవరున్నా సరే. అదే మా పందెం.

పట్నం వాళ్ళు ఇది విని నవ్వుతారు. పిలుపులో ఏముందంటారు. కమలాపురం చుట్టుపక్కల పుట్టినవాణ్ణి అడగండి ఏముందో. ఏసురాజు నాయన భూపేష్ వాళ్ళ చేలో పనిచేసేవాడు. పదేళ్ళ పిల్లోడైన భూపేష్‌ను ‘అయ్యా’ అనేవాడు, నోట్లో పొగాకు ఉమ్మేసి మరీ. మాది కమ్మరిల్లు. మమ్మల్ని ‘రేయ్’ అన్నా కూర్చోమనేవాళ్ళు. ఏసురాజు వాళ్ళకు ఆ మాట కూడా లేదు.

నేను ఏడో తరగతిలో బడి మానేసి కొలిమి దగ్గర కూర్చున్న ఏడు మొదలుపెట్టిన పందెం అది. ఆ ఏడే భూపేష్ ఏసురాజు చేతిలో ఓడిపోయి, కళ్ళంలో కూలోళ్ళందరి ముందర “ఏసన్నా” అన్నాడు. వాళ్ళ తాత లాగి చెంప మీద కొట్టాడు. వీడు చెంప పట్టుకునే మళ్ళీ అన్నాడు, “ఏసన్నా, నీళ్ళు ఈ.” నేను కళ్ళారా చూశాను. పెళ్ళయి, అప్పులయి, కొలిమి పోయి వెల్డింగ్ షాపు వచ్చి, ఇన్నేళ్ళలో మనుషుల మీద నాకు మిగిలిన నమ్మకం ఏదైనా ఉంటే అది ఆ రోజుదే.

ఇప్పుడు భూపేష్ కాంట్రాక్టరు. తెల్లకారు, వెనక నలుగురు. రాబోయే ఎలక్షన్లలో నిలబడతాడంటున్నారు. ఏసురాజు బేల్దారి మేస్త్రీ, ఎక్కువగా భూపేష్ కట్టడాల మీదే. అయినా ఆదివారం పొద్దెక్కేసరికి ఒకడు చర్చి నుంచి ఇస్త్రీ చొక్కాతో, ఇంకొకడు కారు దూరంగా ఆపి నడిచి, నా షాపుకు వచ్చేవాళ్ళు. షట్టరు సగం దించి, నేల మీద గోనెసంచి పరిచి ఆడేవాళ్ళం. ఆ రెండు గంటల్లో పెద్దా చిన్నా లేదు. నా బతుకులో నేను గొప్పగా చెప్పుకోగలిగింది అదొక్కటే.

ఎండలు ముదిరిన ఒక ఆదివారం నేను ముందే ఖాళీ అయ్యాను. చివరి కార్డు దగ్గర భూపేష్ “ఎత్తు” అన్నాడు. ఏసురాజు నిదానంగా కార్డు తిప్పాడు. గడ్డం వస్తాదు, కట్టలో అందరికంటే పొడుగువాడు.

“సచ్చినావు పో,” అన్నాను. “అను, నోరు తెరిచి అను.”

“ఉండప్పా, గొంతన్నా సవరించుకోనీ.” భూపేష్ చేతులు జోడించాడు. “ఏసన్నా, ఈ వారం నీ దయ.”

“లేసి నిలబడి చెప్పు,” అన్నాడు ఏసురాజు. “అన్న ముందర కూచుంటారా ఎవురన్నా?”

“ఇదో, లేసినా. కాళ్ళు పిసకమంటావా?”

“వద్దు నాయనా. నీ చేతులు శానా మెత్తగుంటాయి. అలవాటైతే నాకు కష్టం.”

ముగ్గురం కడుపు పట్టుకుని నవ్వాం.

బుధవారం ఊరి బయట భూపేష్ కట్టిస్తున్న కల్యాణమండపం దగ్గరికి మెట్ల కమ్మీలు అతికించడానికి పోయాను. కడప నుంచి పార్టీ పెద్దలు వచ్చారు. కుర్చీలు, కూల్‌డ్రింకులు, ఫోటోలు తీసేవాళ్ళు. ఏసురాజు గోడ మూల దగ్గర తాపీతో ఉన్నాడు. ఒక పెద్దమనిషి స్తంభాలు చేత్తో తడిమి చూసి అడిగాడు.

“పని నికరంగా ఉండాదే. మేస్త్రీ ఎవరు భూపేష్?”

నేను మిషన్ ఆపేశాను. ముఖం మీది అద్దం పైకెత్తాను.

భూపేష్ ఇటు తిరిగాడు. ఏసురాజును చూశాడు. నన్నూ చూశాడు.

“రేయ్ ఏసుగా! ఇట్ల రారా!”

పిలవకుండా ఉండొచ్చు. ‘మేస్త్రీ’ అనొచ్చు. ఉత్త పేరు పెట్టి పిలిచినా ఊరుకునేవాణ్ణి. ఏసురాజు తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి చేతిలో పట్టుకున్నాడు.

“వస్తాండా అయ్యా,” అన్నాడు.

వాడి నాయన గొంతు అది.

మళ్ళీ ఆదివారం భూపేష్ రాడనుకున్నాను. వచ్చాడు. చేతిలో మెరిసే పెట్టె. బెంగళూరు నుంచి తెప్పించాడంట. లోపల నున్నటి కార్డులు, వాటి మీద రెక్కల జంతువులు, మంటలు కక్కే బల్లులు, వాటితో ఒక ఇంగ్లీషు పుస్తకం.

“ఇంగ ఆ పాతవి చాలప్పా,” అన్నాడు. “దీంట్లో ఎట్ల ఆడాల్నో అంతా రాసిండారు. పిలుపులూ గిలుపులూ ఏమీ లేవు.”

“పిలుపు నీకు బరువైందా?” అన్నాను. “బుధవారం ఏమని పిలిచినావు?”

“ఓబుళేశా, ఆడ పెద్దోళ్ళుండిరి. నీకు తెల్దు, ఒక్క మాటకు ఎంతమంది ఎన్ని అనుకుంటారో.”

“కళ్ళంలో మీ జేజినాయన కూడా పెద్దోడే.”

భూపేష్ పెట్టె మూత నొక్కాడు. ఏసురాజు పాత కట్ట తీసి కలపడం మొదలుపెట్టాడు.

“పొద్దున్నే ఏంటికి కొట్లాట? పాతవే ఆడదాం. నాకు ఆ బల్లుల పేర్లకు నోరు తిరగదు,” అన్నాడు.

ఆడాం. మళ్ళీ నేనే ముందు ఖాళీ అయ్యాను. జరిగి ఏసురాజు వెనక కూర్చున్నాను. భూపేష్ చేతిలో ఒక్క కార్డే మిగిలింది. వంతు ఏసురాజుది. వాడి పై కార్డు నాకు కనబడుతోంది. బానపొట్ట వస్తాదు. కట్ట మొత్తంలో వాడికి మించిన బరువు లేదు, వాడంత పొట్టివాడూ లేడు. ఏళ్ళ తరబడి ఆడినవాళ్ళం, నిద్రలో లేపినా చెబుతాం. బరువు అంటే ఆట అయిపోతుంది.

“ఎత్తు,” అన్నాడు ఏసురాజు.

భూపేష్‌కూ తెలుసు. బానపొట్టవాణ్ణి చూశాడు, ఏసురాజును చూశాడు. ‘ఏం ఆటరా ఇది’ అనాల్సినవాడు, చేయి చాపి కార్డు తీసుకున్నాడు. అక్కడి నుంచి ఏసురాజు ఒక్కో కార్డూ అట్లనే అప్పగించుకుంటూ పోయాడు. నేను వేళ్ళు నలుపుకుంటూ చూస్తూ కూర్చున్నాను.

“గెలిచినావన్నా,” అన్నాడు ఏసురాజు చివరికి. వాడికి ఆ మాట కొత్త కాదు, కష్టమూ కాదు.

భూపేష్ పోయాక షట్టరు పూర్తిగా ఎత్తేశాను.

“యాలరా? గెలిచే కార్డు పెట్టుకుని?”

“గెలిచి?” అన్నాడు ఏసురాజు. “ఇంగో బుధవారం వస్తాది. మళ్ళీ వాడు అనడు. నువ్వు మళ్ళీ అడుగుతావు. వాడికి సిగ్గైతాది. సిగ్గైనోడు పని ఇయ్యడు ఓబుళేశా. ఆ మండపం అయినంక స్కూలు గోడ ఉండాది.”

“వాడు మన భూపేష్‌రా.”

“మనోడే. కాదన్లేదే.” చెప్పులు వేసుకున్నాడు. “నువ్వు గెలువు. నువ్వు గెలిస్తే ఎవురికీ ఏం కాదు.”

ఆ మాట నాకు కారం పూసినట్టయింది. తర్వాతి ఆదివారం పళ్ళు బిగబట్టి ఆడాను. ఏసురాజు తొందరగా ఖాళీ అయ్యాడు, కావాలనే. నేను భూపేష్ చేతిలో ఒక్క కార్డూ వదల్లేదు. ఊడ్చేశాను. వీడు నన్ను కూడా ‘రేయ్’ అంటే అక్కడే నలుగురిలో కడిగేద్దామని కాచుకున్నాను.

సోమవారం మండపం దగ్గర కారు దిగుతూనే, వెనక నలుగురూ వింటుండగా, “ఏమన్నా ఓబుళేశన్నా, కమ్మీలు యాడిదాకా వచ్చె?” అని భుజం మీద చేయి వేశాడు. వెంట ఉన్నవాళ్ళు ముచ్చటపడ్డారు. ఒకడు ఫోన్లో ఫోటో తీశాడు. కమ్మరాయన్ను కూడా అన్నా అంటాడు, ఎంత కలుపుగోలు మనిషి అని ఆ సాయంత్రానికే బజారులో మాట. ఎలక్షన్లకు పనికొచ్చే మాట.

పైన కట్టెల సారవ మీద ఏసురాజు గోడకు పూత పూస్తున్నాడు. విన్నాడో లేదో, తల తిప్పలేదు. కింద నిలబడి భూపేష్ “ఏసుగా, ఆ మూల ఇంగొంచెం నున్నగా రానీరా” అన్నాడు. అని, అదే గుక్కలో నా వైపు తిరిగి, “టీ తాగుదాం రా అన్నా” అన్నాడు.

ఆ వారమంతా నన్ను అట్లనే పిలిచాడు. బస్టాండులో, టీ అంగడి ముందర, కడప పెద్దల మధ్య. ఒక్కసారి కూడా మరిచిపోలేదు.