పదమూడు కిలోలు

"స్కానే బాగుందన్నాక ఇంకా నీ గోలేంటే?" అన్నాడు భర్త, షూ లేసులు బిగించుకుంటూ.

ఆమె పాప పగిలిన పెదాల మీద తడిగుడ్డ అద్దుతోంది. నాలుగేళ్ల పిల్లకి ఇవాళ్టితో ఆరో రోజు జ్వరం. కళ్లు చింతనిప్పుల్లా ఉన్నాయి, నాలుక ఎర్రబడింది, అరచేతులు ఉబ్బాయి, ఒళ్లంతా దద్దుర్లు. ఇవన్నీ ఆమె ఒక్కొక్కటిగా చూసింది, ఒక్కొక్కటిగా చెప్పింది. "మిషన్ కంటే నీకెక్కువ తెలుసా?" అంది అత్తగారు. "లోకంలో నీ పిల్లకొక్కదానికేనా జ్వరం?" అన్నాడు దుకాణం యజమాని, సెలవడిగితే. స్కూలు యూనిఫాంలు కుట్టే ఆ దుకాణంలో పిల్లల కొలతలు తీసేది ఆమే. పిల్లల డాక్టరు గుండె స్కాన్ చేయించి రిపోర్టు తెచ్చి చూపించమంది. భర్త మాత్రం స్కాన్ సెంటర్లో "నార్మల్" అన్న ఒక్క ముక్క పట్టుకుని ఇద్దర్నీ ఇంటికి తీసుకొచ్చేశాడు. మళ్లీ డాక్టరు దగ్గర గంటసేపు ఎవరు కూర్చుంటారన్నాడు. కూర్చునేది అతను కాదు గదా, ఆ గంట బరువు అతనికెలా తెలుస్తుంది!

అతను వెళ్లాక సిరప్ ఎంత పొయ్యాలో చూద్దామని ఆమె ఫైలు తీసింది. డాక్టరు చీటీలో ఉంది: బరువు పదమూడు కిలోలు. దాని కిందే నిన్నటి స్కాన్ రిపోర్టు. రాత్రి దాకా అది అతని సంచిలోనే ఉంది. దాని మీదా బరువుంది. ఇరవై కిలోలు.

ఆమె మళ్లీ చదివింది. నిన్న స్కాన్ సెంటర్లో పాప తూకం మిషన్ ఎక్కనని కాళ్లు తన్నుకుని ఏడ్చింది. "అమ్మా, మీరు పాపని కదలకుండా పట్టుకోండి. సార్, వివరాలు మీరు చెప్పండి" అంది అక్కడి అమ్మాయి. ఆమె లోపల పాప చేతులు పట్టుకుని ఉంది. బయట అతను చెప్పాడు. ఏం చెప్పాడో ఇప్పుడు తెలిసింది. రోజూ చంకనెత్తుకుని మెట్లెక్కే మనిషిని ఎవరూ అడగలేదు. పిల్లని ఎత్తుకుని ఎన్నాళ్లయిందో గుర్తులేని మనిషిని అడిగి రాసుకున్నారు. ఏడేళ్ల పిల్లాడి కొలత పెట్టి నాలుగేళ్ల పిల్లకి గౌను సరిపోయిందంటే ఎవరైనా నమ్ముతారా? యజమానికి చెప్పలేదు, అత్తగారినడగలేదు. పాపని భుజానేసుకుని ఆటో ఎక్కింది.

పిల్లల డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. డాక్టరు ముఖం మారిపోయింది. పాపని తూయించింది. పదమూడుకి రవ్వంత తక్కువే. స్కాన్ సెంటర్‌కి ఫోన్ చేసి సరైన బరువుతో లెక్క మళ్లీ కట్టించింది.

"గుండెకి రక్తం తీసుకెళ్లే నాళం వాచిందమ్మా. దాని వెడల్పుని పిల్ల ఒంటి సైజుతో పోల్చి చూస్తాం. ఇరవై కిలోల పిల్లకి అంత వెడల్పు మామూలే. మీ పాపకి కాదు."

"అంటే... నిన్న కూడా వాచే ఉందా?"

"ఉంది. ఇంకో మాట. ఒకవేళ వాపు కనపడకపోయినా నేను ఇంటికి పంపించేదాన్ని కాదు. మొదటి రోజుల్లో స్కాన్ బాగుందంటే రక్తనాళాలు వాచే ఈ జబ్బు లేదని కాదు. మీరు చూసిన ఆ కళ్లూ పెదాలూ చేతులూ కూడా పరీక్షే. ఇంకా టైముంది, ఇవాళే మందెక్కిద్దాం."

మీరు చూసిన. ఆ మాట దగ్గర ఆమెకి ఏడుపొచ్చింది. ఆరు రోజుల్లో ఆమె చూసినదాన్ని ఒకరు లెక్కలోకి తీసుకోవడం ఇదే మొదలు.

కబురందుకుని భర్త వచ్చేసరికి మధ్యాహ్నమైంది. అడ్మిషన్ బల్ల దగ్గర గుమస్తా కాగితం మీద పెన్ను పెట్టి, ఆమెని దాటి అతని వైపు చూశాడు. "పాప బరువెంత సార్?"

"ఓ ఇర..." అని ఆగిపోయాడు అతను. ఆమె చేతిలో ఉన్న రిపోర్టు కేసి చూశాడు. "ఏదో ఉజ్జాయింపుగా చెప్పానే. దానికింత అవుతుందని నాకేం తెలుసు?"

ఆమెకి అరవాలనిపించింది. అరిస్తే, తల్లికి కంగారెక్కువ అని రాసుకుంటారేమో. పాపని భుజం మీంచి తీసి అతని చేతుల్లో పెట్టింది.

"ఎత్తుకోండి. ఎత్తుకుని చెప్పండి."

మండుతున్న ఆ చిన్న ఒంటిని అతను పట్టుకున్నాడు. ఎక్కువ బరువుంటుందనుకున్న చేతులు ఒక్కసారి పైకి లేచిపోయాయి.

"ఇంత తేలిగ్గా ఉందేంటి..." అన్నాడు.

"పదమూడు" అంది ఆమె గుమస్తాతో. "ఇక్కడ పాప గురించి ఏం రాసినా నన్నడిగి రాయండి."

కాసేపటికి అతను, ఎప్పటిలాగే, పాపని ఆమెకి అందించబోయాడు. ఆమె చేతులు చాచలేదు.