చల్లని గాజుపలక

ఆత్మకూర్‌లో కొన్న ఆవు ఈనిన మర్నాడే చనిపోతే, దాని దూడను సైదమ్మ సీసాపాలు పట్టి పెంచింది. ఐదేళ్లకు అది చుట్టుపక్కల ఆవులన్నిటికీ దిక్కయిన విత్తనపు కోడె అయింది.

ఆ యేడు వానల్లేవు. అదే ఊరి గుర్వయ్య ఆవులు మూడూ ఎముకలు తేలి ఉన్నాయి. సైదమ్మ కోడెతో ఎన్నిసార్లు దాటించినా సూడి కట్టలేదు.

"తప్పు నీ కోడెదే. పరీక్ష చేయించు. పస లేదంటే విత్తులు నొక్కించి నాగలికి కట్టు" అన్నాడు గుర్వయ్య పదిమందిలో.

జనవరి పొద్దున సైదమ్మ కోడెను పశువుల దవాఖానకు తోలుకొచ్చింది. కరెంటు లేదు. డాక్టర్ కృష్ణకాంత్ కోడె వీర్యం పట్టి, చుక్క తీసి చల్లని గాజుపలక మీద వేసి, కిటికీ వెలుతురుకు మైక్రోస్కోపులో చూశాడు. సుడులు తిరగాల్సిన కణాలు కదలకుండా పడి ఉన్నాయి.

"అన్నీ చచ్చినయే."

"జర మల్లొక్కసారి చూడున్రి సారూ."

"ఎన్నిసార్లు చూసినా గంతే."

పనికిరాదని రాసిచ్చాడు. ఆ కాగితాన్ని గుర్వయ్య ఊరందరికీ చదివి వినిపించాడు.

నాలుగు రోజులకు ఇంకో కోడె వచ్చింది. దాని చుక్కలోనూ కదలిక లేదు. దవాఖానలో కొత్తగా చేరిన సహాయకురాలు నిరోష గాజుపలకను అరచేతుల మధ్య రుద్ది వెచ్చబెట్టి ఇంకో చుక్క వేసింది. కృష్ణకాంత్ వంగి చూశాడు. కణాలు మబ్బుల్లా సుడులు తిరుగుతున్నాయి.

"సలికి చచ్చిపోతయి సార్. సైదమ్మ కోడెది గూడ గిట్లనే చూసినమా?"

"ఆ రిపోర్టు ఎప్పుడో రాసిచ్చేసిన. ఇగ ఆ ముచ్చట తియ్యకు."

సోమవారం కోడె విత్తులు నొక్కాలని కృష్ణకాంత్‌కు సైదమ్మ కబురు పెట్టింది. ఆయన పోయేసరికి నలుగురు కోడెను పడేసి కాళ్లు కట్టి ఉన్నారు. సైదమ్మ దాని తల ఒడిలో పెట్టుకుంది. గుర్వయ్య చేతులు కట్టుకుని చూస్తున్నాడు. నిజం చెప్పడానికి అప్పటికీ సమయం ఉంది. మత్తు సూది తేలేదని మాత్రం ఆయనకు గుర్తొచ్చింది.

"నీ చెయ్యి మంచిదంటరు సారూ. నొప్పి తెల్వకుంట చెయ్యి" అంది సైదమ్మ, కోడె కళ్లకు కొంగు కప్పుతూ.

ఆయన పెద్ద పట్టకారు బిగించి నొక్కాడు. కోడె అరుపుకు గోడ మీది కోళ్లు ఎగిరాయి. రెండో వైపూ నొక్కాడు.

మార్చిలో గుర్వయ్య ఆవును పరీక్షించినవాడూ ఆయనే. మూడు నెలల సూడి. డిసెంబరులో దాన్ని దాటింది సైదమ్మ కోడే.

ఆ సంగతి తెలిసి సైదమ్మ పరుగున వచ్చింది. "సారూ, అయితే నా కోడె మంచిదే గదా?"

నిరోష తలెత్తింది. కృష్ణకాంత్ ఆమె వైపు చూడలేదు.

"ఏ ఊరి కోడెనో దాటుంటది. నీదాంట్ల ఏం లేదని రాసిచ్చిన గదా, సైదమ్మా."

చదువుకున్న సారు అబద్ధమెందుకు చెప్తాడు? సైదమ్మ నమ్మింది. ఆ రోజు దుక్కిలో, ఎద్దయిపోయిన ఆ కోడె మొండికేసి పడుకుంటే, ఐదేళ్లలో మొదటిసారి ముల్లుకర్ర ఎత్తింది.

"లే, ఉత్తదానా!" అని పొడిచింది. అది లేచేదాకా పొడుస్తూనే ఉంది.