ఏటమ్మ పువ్వు

చేయవలసిన పనులు: పంచాయతీలో అమ్మ మరణ ధ్రువపత్రానికి అర్జీ పెట్టాలి. రేషన్ కార్డులోంచి ఆమె పేరు తీయించాలి. ఇసకలో ఆరిన నెత్తళ్ల చేపలు సంచుల్లోకి ఎత్తాలి. సోమవారానికి ప్రాజెక్టు ఇవ్వాలి. అందులో ఏటమ్మ పువ్వు ఏదో తేల్చాలి.

నా ప్రాజెక్టు ఒటీలియా అనే జర్మన్ చిత్రకారిణి మీద. నూటయాభై ఏళ్ల కిందటి మనిషి. ఆడవాళ్లను చిత్రకళ బడిలో చేర్చుకోని రోజుల్లో ఇంట్లోనే పూలు గీసి నేర్చుకుంది. ఓడ వర్తకుడైన అన్నతో మా కళింగపట్నం వచ్చి రెండేళ్లు ఉంది. వంశధార సముద్రంలో కలిసే మొగ, ఇసక దిబ్బలు, నలభై పూలు గీసింది. ప్రతి పువ్వు కిందా ఇక్కడివాళ్లు చెప్పిన పేరు రాసుకుంది. తిరిగి వెళ్లాక చూపు పోయింది. ఇంకేమీ గీయలేదు.

ముప్పై తొమ్మిది పూలు పోల్చుకున్నాను. నలభయ్యోది 'ఏటమ్మ'. నా దగ్గరున్నది మసక జిరాక్స్. ఎచ్చెర్ల యూనివర్సిటీ హాస్టల్ నుంచి అమ్మకు ఫోన్ చేశాను.

"అమ్మా, ఏటమ్మ పువ్వంటే ఏది?"

"ఏటమ్మా?"

"ఏటమ్మ పువ్వే!"

"అదే అడుగుతన్నాను, ఏటమ్మా?"

విసుగొచ్చి, ఆదివారం వస్తానని పెట్టేశాను. శుక్రవారం చేపలు ఎండబెడుతూ అమ్మ కూలబడిపోయింది. గుండె అన్నారు. నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

దినం అయిన మర్నాడు ఆ జిరాక్స్ అమ్మడు పిన్నికి చూపించాను.

"ఇది బాలబండి తీగ గదే! ఆకు మేకడెక్కలాగున్నాది సూడు. దిబ్బల మీద రోజూ తొక్కుకుంటా తిరుగుతాం. సదివి సదివి కళ్లు పోనాయేటే నీకు?"

"మరి ఏటమ్మ అని రాసుందే?"

పిన్ని 'ఏటమ్మ, ఏటమ్మా' అని పైకే అనుకుని పకపకా నవ్వింది. "ఒసే, ఆ దొరసాని అడిగింది అర్దం గాక మనూరి ఆడమనిసి ఎవుర్తో 'ఏటమ్మా?' అనుంటాది. ఈవిడ అదే పేరనుకుని రాసేసుకున్నాది!"

అంతలోనే అమ్మ గుర్తొచ్చిందేమో, నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

నేను ప్రాజెక్టులో ఆ పువ్వు పేజీ తెరిచి, 'ఏటమ్మ' పక్కన 'బాలబండి' అని రాశాను.

సోమవారం మా గైడు హైమవతి మేడమ్ చూసి, "తప్పు పేరు కొట్టెయ్, తులసీ" అన్నారు. పెన్ను తీశాను. మళ్లీ మూత పెట్టేశాను. మా అమ్మ నాతో అన్న చివరి మాట అదేనని చెప్పాను. ఆవిడ ఆ పేజీ నా వైపు జరిపి, "అయితే ఉంచు" అన్నారు.

ఉంచాను. బొమ్మల కింద ఒటీలియా పేరు ఉంది. ఆవిడకు జవాబిచ్చిన మనిషి పేరు ఎవరూ రాసుకోలేదు. మా అమ్మ పేరు లక్ష్మణమ్మ. మీరు గుర్తుపెట్టుకోండి.