పద్దెనిమిది అడుగుల వీధి

మట్టల ఆదివారం ఊరేగింపు ముగించుకుని, చేతుల్లో ఈతమట్టలతో మేము పేటలోకి తిరిగివచ్చేసరికి, పందిరి గుంజలు పాతే గుంటలన్నిటిలో సిమెంటు పోసి ఉంది.

తిరువూరు బైపాసు పక్కన మా పేట వీధి వెడల్పు పద్దెనిమిది అడుగులు. రెండువైపులా ప్రతి ఇంటి ముందూ తాటాకు పందిరి. ఆ పందిరి స్థలం మా పట్టాలోదే. వంట అక్కడే, మేకలు అక్కడే, మేరమ్మ ఇడ్లీల పొయ్యి అక్కడే. పక్షవాతంతో పడిపోయిన ఆమె భర్త జోజప్ప మంచం కూడా అక్కడే. ఏటా మట్టల ఆదివారం పొద్దున మాత్రం పందిళ్ళన్నీ పీకి పక్కన పెడతాం. పేట పేటంతా భుజం భుజం కలిపి నడవాలని మా తాతల నాటి పట్టుదల. మధ్యాహ్నానికి మళ్ళీ పాతేస్తాం. దేవుడికి దారి ఇవ్వడం మాకు తెలిసిన మర్యాద.

ఆ మర్యాద మీద కిరీటి కన్ను పడింది. తాత మామిడితోటలు సంపాదించాడు, తండ్రి రైసుమిల్లు పెట్టాడు, కిరీటి ఆకాశం అమ్ముతున్నాడు. మా వీధి చివర తొమ్మిదంతస్తులు లేపుతాడట. ఈ ఏడు పందిళ్ళు పీకడానికి తనే మనుషుల్ని పంపాడు. నీళ్ళ సీసాలు పంచాడు. ఈతమట్టను చీపురులా పట్టుకుని ఊరేగింపులో నాలుగడుగులు నడిచాడు కూడా. మేము చప్పట్లు కొట్టాం. అంత తెలివితక్కువతనం మాకు భక్తి వల్లే వచ్చింది.

తిరిగివచ్చి గుంటలు చూసుకుని నిలబడిపోయిన మా ముందుకు, కారు దిగి వచ్చాడు.

"ఇది రోడ్డు పెద్దమ్మా. మీరే ఖాళీ చేశారుగా. ఫొటో ఉంది."

"ఎవర్రా నీకు పెద్దమ్మ?" అంది మేరమ్మ.

అతని పక్కన పట్టణ ప్రణాళిక అధికారి గురుచరణ్ ఉన్నాడు. అందరినీ అండీ అంటాడు. ఇల్లు కూల్చేటప్పుడు గోడను కూడా అండీ అంటాడేమో. "తొమ్మిదంతస్తులకు పర్మిషన్ ఇవ్వాలంటే ముందు నలభై అడుగుల రోడ్డు ఉండాలండి. గోడ నుంచి గోడకు కొలిస్తే సరిగ్గా ఉందండి. అభ్యంతరాలుంటే గురువారం ఇన్‌స్పెక్షన్‌లో చెప్పుకోండి," అన్నాడు. పర్మిషన్ ఇంకా రాలేదు. ఇనుప కడ్డీల లారీలు మాత్రం అప్పటికే వచ్చి దిగాయి.

ఆ సాయంత్రం చర్చి ఆవరణలో మీటింగు పెట్టుకున్నాం. ముందు లేచింది ఏసోబు. మేరమ్మ తమ్ముడి కొడుకు, కడ్డీలు కట్టే మేస్త్రీ. ఆ భవనం పునాది పని అతని ముఠాకే వచ్చింది.

"అత్తా, బిల్డింగు లేస్తే రెండేళ్ళ పని. హైదరాబాదు పోయి బ్రిడ్జీల కింద పడుకునే ఖర్మ తప్పిద్ది."

"కట్టినాక ఎక్కడ పడుకుంటావురా? ఎనిమిదో అంతస్తులోనా?"

"వాచ్‌మెన్ గది ఇస్తార్లే," అన్నారు వెనకనుంచి ఎవరో.

"ఆ గదిలో పేటంతా పట్టిద్దా? మీ మామ మంచం లిఫ్టులో వేసుకుందామా?"

నవ్వులు లేచాయి. ఏసోబు తల దించుకున్నాడు. పేట బడిలో పంతులుగా చేసి రిటైరైన నేను లేచి, పట్టా స్థలం రోడ్డు కాదని, అభ్యంతరం రాసి ఇవ్వచ్చని చెప్పాను.

"రాయి సారూ, వద్దన్లా," అంది మేరమ్మ. "ఆయన చదివేలోపు జేసీబీ వచ్చిద్ది. కాగితం నువ్వు పట్టుకో. గునపం మేం పట్టుకుంటాం."

నా భార్య పోయినప్పటినుంచి నా గుమ్మంలో రోజూ పొద్దున మూతపెట్టిన ఇడ్లీ గిన్నె ఉంటుంది. ఎవరు పెట్టారని అడిగితే "పిల్లి పెట్టిపోయింది" అంటుంది ఈ మనిషి. ఆమె మాటకు ఎదురుచెప్పాలనిపించలేదు.

మర్నాడు ఏసోబు పనిచోట కిరీటి దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సార్, మా అత్త పందిరొక్కటి వదిలేయండి. మా మామ మంచం పట్టాడు."

కిరీటి నవ్వాడు. "ఫ్లాటు కొనేవాడు ముందు ఏం చూస్తాడు ఏసోబూ? ఎంట్రన్స్. ఎంట్రన్స్‌లో ముసలోడి మంచం చూపించమంటావా?"

గురువారం పొద్దున గుంటల్లో సిమెంటు మీద మొదటి గునపం పోటు ఏసోబుదే. "బిల్డింగు లేవాలన్నది నేనేగా అత్తా, నేనే తవ్వుతా," అన్నాడు తనను తనే ఎగతాళి చేసుకుంటూ, చెమట తుడుచుకుంటూ. ఆడవాళ్ళు పెళ్ళలు ఎత్తిపోశారు. గుంజలు లేచాయి. ఈసారి ఇంటి ముందుతో ఆగలేదు. గోడ నుంచి గోడకు, వీధి మొత్తం మీదుగా ఒకే పందిరి వేశాం. దాని నట్టనడుమ మేరమ్మ పొయ్యి, పక్కనే జోజప్ప మంచం.

గురుచరణ్ టేపు పట్టుకుని వచ్చాడు. వీధి కనబడలేదు. వంగి పందిట్లో దూరాడు. టేపు మంచంకోడుకు తగిలి ఆగింది.

"కింద నుంచి పోనీయండి సారూ," అంది మేరమ్మ. "మా ఆయన ఏమీ అనడు. మాట పడిపోయింది."

"ఇలా అయితే కొలత రాదండి," అన్నాడతను.

"రాదండి!" అంది పేటంతా ఒక్క గొంతుతో.

నా కాగితం అతని చేతిలో పెట్టాను.

కిరీటి ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చారు. ప్రభుత్వ హద్దులు ధ్వంసం చేశామట. పోసినప్పుడు కిరీటిదైన సిమెంటు, పగిలేసరికి ప్రభుత్వానిదైంది. ఏసోబు రెక్క పట్టుకున్నారు. మేరమ్మ అడ్డం పోతే ఆమెనూ జీపు ఎక్కించారు. జోజప్ప గొంతులోంచి ఏదో అరుపు వచ్చింది. ఒక లేడీ కానిస్టేబుల్ ఎవరూ చూడకుండా పొయ్యిలో కట్టె వెనక్కి లాగి, జోజప్ప ముఖం మీద పడుతున్న ఎండకు తన టోపీ అడ్డం పెట్టి, మంచం జరపమని మాకు సైగ చేసింది. ఆ తర్వాత మిగతా పోలీసులతో పాటు తనూ మమ్మల్ని తిట్టింది. ఉద్యోగం కదా.

జీపు కదిలి పోతుంటే, వీధి చివర పునాది గోతిలోంచి ఏసోబు ముఠా చూసింది. కడ్డీలు వంచుతున్నవాళ్ళు కడ్డీలు వదిలేశారు. ఒక్కొక్కరే గోతిలోంచి ఎక్కి వచ్చి మా పందిట్లో కూర్చున్నారు.

"కూలి పోతుంది, ఆలోచించుకోండి!" అని అరిచాడు కిరీటి.

"మా మేస్త్రీని తెచ్చి ఆలోచించుకోమను," అన్నాడు వాళ్ళలో ఒకడు.

"మీరు కాకపోతే ఊళ్ళో మనుషుల్లేరా?" అంటూ ఫోన్ తీశాడు. నిజమే, కూలికి మనుషులు దొరుకుతారు. ఆకలిని అతను ఫోన్‌లో పిలవగలడు, అంత మొనగాడు.

మధ్యాహ్నానికి గంపలగూడెం నుంచి ఆటోలో కొత్త ముఠా దిగింది. టిఫిన్ క్యారియర్లు పట్టుకుని పందిరి ముందు ఆగారు. గోతిలోకి దారి మా పందిట్లోంచే. లాఠీలు ఒకవైపు, చాపల మీద మేము ఒకవైపు. మేరమ్మ కూతురు వాళ్ళకు మంచినీళ్ళు ఇచ్చి, జరిగింది చెప్పింది. వాళ్ళ మేస్త్రీ జోజప్ప మంచం వైపు చూశాడు.

"స్టేషన్లో ఉన్నది కడ్డీ పనోడేనా?"

"అవును. మా బావ. ఏసోబు."

"కదలండయ్యా, తొందరగా గోతిలోకి పోండి!" అని కిరీటి కేకవేశాడు.

మేస్త్రీ చెప్పులు విడిచి చాప మీద కూర్చున్నాడు. అతని వెనక ముఠా అంతా కూర్చుంది. ఆటో డ్రైవరు ఇంజను ఆపకుండానే తల బయటపెట్టి అడిగాడు.

"అన్నా, మిమ్మల్ని మళ్ళీ ఊళ్ళో దింపనా?"

"పోలీసుస్టేషనుకు పోవాలి," అన్నాడు మేస్త్రీ. "ఇంతమందిమి నీ ఆటోలో పట్టం. నువ్వూ దిగు, నడుద్దాం."