కుట్టుకు వదిలిన అరంగుళం

మంగళవారం పొద్దున్నే పెద్దావిడ తేల్చేసింది. ఆదివారం వర్క్‌షాపువాళ్లు కూడినప్పుడు కుట్టుమిషను వాళ్లకు ఇచ్చేస్తుందట. మూల నిలబడి దుమ్ము కొట్టుకుపోయే వస్తువు తనకెందుకట. బండి పంపమని ఫోను కూడా తనే చేసేసింది. ఆ మాట విని చిన్నావిడ చేతిలో కత్తెర ఎక్కడిదక్కడ ఆగిపోయింది.

వాళ్లిద్దరూ తోటికోడళ్లు. అన్నదమ్ములు తెల్లారగానే షిఫ్టులకు వెళ్లిపోతే, ముందుగదిలో ముప్పయ్యొక్క ఏళ్లుగా ఒకటే పని. చిన్నావిడ కత్తిరిస్తుంది, పెద్దావిడ కుడుతుంది. ఒకరి పని ఇంకొకరికి రాదు. చిన్నావిడ మిషనెక్కితే నిమిషానికోసారి దారం తెగుతుంది, పెద్దావిడ కత్తెర పడితే చొక్కా భుజం వంకరపోతుంది. స్కూలు యూనిఫారాలు, ఆసుపత్రి గౌన్లు, కిటికీ తెరలు, ఆ ఇద్దరి చేతుల మీదుగా ఎన్ని పోయాయో చెప్పలేం. ఆ చప్పుడులోనే కావలసినంత పోట్లాడుకున్నారు, మళ్లీ ఆ చప్పుడులోనే కలిసిపోయారు.

ఏడు నెలల కింద పెద్దావిడ మెట్ల మీద జారిపడి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. లోపల ప్లేటు వేశారు. పల్లంగా కూర్చోవద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. మిషను ముందున్న స్టూలేమో మరీ పొట్టిది. దాని మీద దిండు వేస్తే జారింది. ప్లాస్టిక్ కుర్చీ తెస్తే దాని చేతులు మిషను బల్లకు కొట్టుకున్నాయి. ఇక చాల్లే అని ఆవిడ మిషను మీద దుప్పటి కప్పేసింది. ఈ మధ్య చిన్నావిడ కత్తిరించిన గుడ్డలు పక్కవీధి దర్జీకి పోతున్నాయి. గదిలో తన కత్తెర చప్పుడొక్కటే వినబడుతుంటే ఆమెకు ప్రాణం ఉసూరుమనేది.

బండి పంపొద్దని చెప్పి వద్దామని ఆమె చెప్పుల్లో కాళ్లు పెట్టింది.

వర్క్‌షాపంటే ఒకప్పటి బస్సుల షెడ్డు. ఇప్పుడది చుట్టుపక్కల వీధులవాళ్లందరిదీ. ఎవరైనా వచ్చి నేర్చుకోవచ్చు, చెడిపోయినది బాగు చేసుకోవచ్చు, కొత్తది చేసుకోవచ్చు. ప్రతి మిషను పక్కనా ఒక పలక వేలాడుతుంది. పని నేర్చుకుని ఆ పలక మీద పేరు ఎక్కితేనే ఆ మిషను ముట్టుకోవాలి. ఒక గోడ నిండా తప్పులున్నాయి. మూడు కాళ్ల బల్ల, తలుపు మూసుకోని పిట్టగూడు, ఒకవైపే వినబడే రేడియో. ఎవరు పాడుచేసింది వాళ్లే తమ చేత్తో అక్కడ తగిలించి, ఏం జరిగిందో కింద సుద్దతో రాయాలి. అక్కడి పద్ధతి అది.

దాన్ని నడిపే వడ్రంగి పిల్లకు ముప్పయ్యేళ్లయినా ఉండవు. అందరూ ఆమెను మేస్త్రమ్మ అంటారు. మిషను సంగతి చెప్పడానికి వచ్చారా పిన్నీ అని ఆమే ఎదురొచ్చి అడిగింది. చిన్నావిడ అప్పటికి ఆమె మాట వినడం లేదు. కిటికీ పక్క ఒకాయన కుర్చీ కాలు చిత్రిక పడుతుంటే, సన్నటి పేళ్లు చుట్టలు చుట్టుకుని కింద పడటం చూస్తోంది. బండి ఆపినంత మాత్రాన ఏమవుతుంది? వచ్చేవారం పెద్దావిడ మళ్లీ ఫోను చేస్తుంది. బండిని కాదు, మనిషిని కదా కూర్చోబెట్టాలి.

"స్టూలు చేయడం నేర్పుతారా?" అంది.

"నేర్పుతాం పిన్నీ. ఎప్పటికి కావాలి?"

"ఆదివారం పొద్దుటికి."

మేస్త్రమ్మ చెవి మీది పెన్సిలు తీసి మళ్లీ అక్కడే పెట్టుకుంది. కాదని మాత్రం అనలేదు.

మొదట చిన్నావిడ మెడలోంచి టేపు తీయించారు. రంపం దగ్గర వేలాడేదేదీ ఉండకూడదట. ముప్పయ్యేళ్లుగా మెడలో ఉన్న టేపు పోయేసరికి, వీధిలోకి ఒంటి మీద బట్ట లేకుండా వచ్చినట్టు సిగ్గేసిందామెకు. అయినా రెండు రోజులు పట్టు వదల్లేదు. బుధవారం సాయంత్రానికి రంపం పలక మీదా, డ్రిల్లు పలక మీదా ఆమె పేరెక్కింది.

కొలతల దగ్గరే వచ్చింది చిక్కు. టేపు పట్టుకుని దగ్గరకెళ్తే పెద్దావిడ కస్సుమంది. నాకేమైనా కోటు కుడుతున్నావా, కొలవడానికి నాలో ఇంకేం మిగిలింది, అవతలికి పో అంది. చిన్నావిడ కంటి అంచనాతోనే కొలత వేసుకుంది. ఎన్ని వందల మందిని చూపుతోనే కొలవలేదు తను!

గురువారం అడ్డపట్టీల చివర్లు దూరేలా కాళ్లకు గాళ్లు తీసి, పట్టీలన్నీ కోసింది. శుక్రవారం పొద్దున బిగించబోతే ఒక్కటీ సరిగ్గా కూర్చోలేదు. పట్టీలన్నీ పొడుగు. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు చాచుకుని, అప్పుడే పుట్టిన దూడలా నిలబడింది స్టూలు. మేస్త్రమ్మ ఒక పట్టీ తీసి కొలిచింది, ఇంకోటి కొలిచింది. అన్నీ రెండు చివర్లా ఒకే లెక్కన ఎక్కువున్నాయి.

"పిన్నీ, ఈ అరంగుళం దేనికి వదిలారు?"

"కుట్టుకి."

షెడ్డంతా ఒక్కసారిగా నవ్వింది. రేడియోలు బాగు చేసే పాత బస్సు డ్రైవరు, అందరూ హారన్ బాబాయి అని పిలిచే ఆయన, కళ్లద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. చిన్నావిడ ఉక్రోషంతో మళ్లీ రంపం దగ్గరకెళ్లి, రెండు వైపుల ఎక్కువనూ కలిపి పట్టీలన్నీ ఒకే చివర కోసిపారేసింది. తీరా చూస్తే గాడిలో దూరవలసిన ముక్కలే పోయాయి. ఇప్పుడన్నీ పొట్టి. గుడ్డయితే విప్పి మళ్లీ కుట్టొచ్చు. చెక్కను విప్పేదెక్కడ?

ఆమె ఏడవలేదు. ఒక పట్టీ గోడకు తగిలించి, కింద 'కుట్టుకు వదిలాను' అని రాసింది. నవ్విన బాబాయే మేకు కొట్టిపెట్టాడు. తర్వాత కాసేపు ఆ గోడ ముందే నిలబడి ఆలోచించింది. పేచీకోరు మనిషి కోటు కుట్టమంటే తను ముందే మంచి గుడ్డ కోసేసేదా? ముతక గుడ్డతో కచ్చాకుట్లు వేసి, ఒంటి మీద వేసి చూసి, అక్కడ లాగి, ఇక్కడ వదిలి, ఆ తర్వాతే కత్తెర పెట్టేది. చెక్క అనేసరికి తన పనే తను మర్చిపోయింది.

షెడ్డు వెనకున్న అట్టపెట్టెలన్నీ అడిగి పుచ్చుకుంది. స్టూలు పీటంత చదరపు ముక్కలుగా కోసి, ఒకదాని మీద ఒకటి పేర్చి, తాడుతో కట్టి, మధ్యాహ్నం ఎండలో చంకనెత్తుకుని ఇంటికి పోయింది.

"చెత్త ఇంట్లోకి తెచ్చావెందుకే?" అంది పెద్దావిడ.

"కూర్చో అక్కా. ఒక్కసారి."

కూర్చోనంది. చిన్నావిడ అక్కణ్నుంచి కదల్లేదు. టీ పెట్టమంటే పెట్టలేదు, తలుపు వేయమంటే వేయలేదు. అలా ఎంతసేపు నిలబడతావో చూస్తానంది పెద్దావిడ. చూడమంది చిన్నావిడ. చివరికి పెద్దావిడ మొహం కిటికీ వైపు తిప్పుకుని అసలు మాట బయటపెట్టింది.

"కూర్చోవడం కాదే నా బాధ. లేవడం. రోజుకు ఇరవైసార్లు లేవాలి. ఇరవైసార్లు నువ్వొచ్చి చంకలో చెయ్యేసి లాగాలి. అలాంటి మిషను నాకొద్దు."

ఇన్నాళ్లూ చిన్నావిడ కొలిచింది కూర్చునే కొలత. కావలసింది అది కాదన్నమాట. గోడ పక్క నుంచి ఒక పలకచెక్క లాక్కొచ్చి, మిషను కూడా ఎత్తు పెరిగేలా దాని కాళ్ల కింద పెట్టింది. అట్టల దొంతర ముందుకు జరిపి కూర్చోబెట్టింది.

"నేను ముట్టుకోను. నువ్వే లే."

మొదటిసారి లేవలేకపోయింది. ఇంకో మూడు అట్టలు వేశారు. లేచింది కానీ తూలింది. ఇంకో రెండు వేస్తే లేవడం సులువైంది, పాదం మాత్రం తొక్కుడుపలక మీద ఆనలేదు. ఒకటి తీశారు. ఆరోసారికి పెద్దావిడే పెత్తనం చేతిలోకి తీసుకుంది. అది తియ్యి, ఇది వెయ్యి, ముందువైపు కాస్త వాలుగా ఉండాలి, కళ్లు మూసుకుని పేర్చావా ఏమిటి అంటూ మొదలెట్టింది. చెమటలు కారుతున్నాయి, అయినా ఆపదు. పదకొండోసారి రెండు చేతులూ మిషను బల్ల మీద ఆనించి, పళ్లు బిగించి, ఎవరి సాయమూ లేకుండా తిన్నగా లేచి నిలబడింది. నిలబడి చిన్నావిడ వంక చూసింది.

"ఇంకేం చూస్తున్నావు, కొలువు" అంది.

వెనక ఎంత, ముందు ఎంత, గీత ఎక్కడ పడాలి అన్నీ చిన్నావిడ అట్ట మీదే రాసుకుంది.

శనివారం రంపం దగ్గర వరస పెద్దదే ఉంది. సంగతి విని హారన్ బాబాయి తన వంతు గంటసేపు ఆమెకిచ్చి, తను వెళ్లి చీపురు పట్టుకున్నాడు. ఈసారి ఆమె గీత గీసి, మళ్లీ కొలిచి, గీత మీదే కోసింది. వేళ్లు అలవాటుకొద్దీ గీత అవతలికి జరగబోతే, ఆగి, ఊపిరి పీల్చుకుని, మళ్లీ గీత మీదికే తెచ్చింది. పట్టీలు గాళ్లలో టక్కుమని కూర్చున్నాయి. జిగురు పెట్టి బిగించిన చోట మేస్త్రమ్మ కాలు పెట్టి తొక్కి చూసింది. స్టూలు కిర్రుమనలేదు. మిగిలిన చెక్కతో మిషను కిందకు గట్టి పీట కూడా తయారైంది.

ఆదివారం పొద్దున మేస్త్రమ్మా బాబాయీ తోపుడుబండితో గుమ్మంలోకి వచ్చారు. చెప్పిన మాట ప్రకారం రావాలి కాబట్టి వచ్చారు. లోపల పెద్దావిడ కొత్త స్టూలు మీద కూర్చుని చక్రానికి నూనె వేస్తోంది. ఆవిణ్ని లేపడానికి చిన్నావిడ అలవాటు చొప్పున చెయ్యి చాచింది. పెద్దావిడ ఆ చేతిలో నూనెడబ్బా పెట్టి, బల్ల మీద ఆనుకుని లేచి, మెల్లగా గుమ్మం దాకా నడిచి వెళ్లింది. మిషను ఇవ్వడం లేదు, అనవసరంగా తిప్పాను, ఏమీ అనుకోకండి అని వాళ్లకు చెప్పింది. బండి ఉత్తదే వెనక్కిపోయింది. పోతూ బాబాయి నోటితోనే ఒక హారన్ కొట్టాడు.

పెద్దావిడ వచ్చి మళ్లీ కూర్చుంది. పాదాలు తొక్కుడుపలక మీద ఆనించింది. సూదిలో దారం ఎక్కించి అటూ ఇటూ చూసింది.

"కటింగేదే? ఉత్త మిషను తొక్కమంటావా?"

వారమంతా చెక్క మీదే గడిచిపోయింది. ఒక్క గుడ్డ కూడా కోయలేదు. చిన్నావిడ నాలిక్కరుచుకుని, టేపు మెడలో వేసుకుని, కత్తెర కోసం వెతకడం మొదలుపెట్టింది.